రికార్డు పిన్ని స్పానిష్ చదువు

మా అమ్మ చెల్లెలికి బంధువుల్లో "రికార్డు" అని పేరు. ముప్ఫై నాలుగేళ్లు కోర్టులో స్టెనోగా చేసింది. జడ్జిగారూ వకీళ్లూ సాక్షులూ ఏం మాట్లాడితే అది తడబాట్లతో సహా షార్ట్‌హ్యాండ్‌లో గీసుకుని, సాయంత్రానికల్లా టైపు కొట్టి ఇవ్వడం పిన్ని పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. ఏ పెళ్లిలో ఎవరు ఎవర్ని ఏమన్నారో పదేళ్ల తర్వాత అడిగినా అన్నది అన్నట్టు అప్పజెప్పేది. ఆవిడ గదిలో ఉంటే మా మేనత్తలు కాస్త వెనకా ముందూ చూసుకుని మాట్లాడేవారు. ఆవిడ మటుకు నోరు విప్పేది తక్కువ. ఒక మాట బయటికి రావాలంటే ముందు లోపల నాలుగుసార్లు దిద్దుకోవాలి. దిద్దుకోవడం అయ్యేసరికి అవతలివాళ్లు వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు.

బాబాయి తీరు దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన లిఫ్టు మేస్త్రీ. లిఫ్టు డబ్బా నెత్తిన కూర్చుని ఇనప తాళ్లు తుడుస్తూ కూడా, వరండాలో ఎవరు నడిచినా పలకరించకుండా వదిలేవాడు కాదు. ఆయన చూసే భవనాల్లో ఒక పాత ఆఫీసుకి విదేశం నుంచి తెప్పించిన లిఫ్టు ఉండేది. దానితోపాటు వచ్చిన పుస్తకం మొత్తం స్పానిష్‌లో ఉంది. తర్జుమా చేసేవాళ్లు దొరకలేదు. బాబాయి బొమ్మలు చూసుకుంటూ, యంత్రం దగ్గర ఒక్కొక్క భాగాన్నీ పోల్చుకుంటూ, ఓ యాభై మాటల అర్థం తనే పట్టాడు. ఫ్రెనో అంటే బ్రేకు. పుఎర్తా అంటే తలుపు. కిందికి దిగడానికి ఉన్న మాటని అక్షరాలు కూడబలుక్కుని "బజార్" అని చదివాడు. అలా ముప్ఫై ఏళ్లపాటు ఆయన లిఫ్టు పైకి వెళ్లేది, బజార్‌కి దిగేది.

ఆయన రిటైరైన ఏడాదే ఆ భవనాన్ని పడగొట్టారు. లిఫ్టు పాత ఇనుములోకి పోయింది. పుస్తకం మాత్రం బాబాయి ఇంటికి తెచ్చుకున్నాడు. పిన్ని కూడా అప్పటికి కోర్టు నుంచి బయటపడి రెండు నెలలైంది. ఒకరోజు మధ్యాహ్నం ఆయన ఆ పుస్తకం తిరగేస్తుంటే, పుర్రె బొమ్మ కింద ఉన్న మాట ఏమిటని అడిగింది. అపాయం అని చెప్పాడు. ఎలా పలుకుతారని అడిగింది. తెలియదన్నాడు.

"ముప్ఫై ఏళ్లు చదివి, ఒక్క మాటా పలకడం రాదా?" అంది పిన్ని.

"వినడానికి ఎవరున్నారు, లిఫ్టు తప్ప?"

మర్నాడు పొద్దున్నే పిన్ని చెప్పులేసుకుని వెళ్లి, ఇద్దరి పేర్లూ స్పానిష్ క్లాసులో రాయించి వచ్చింది.

క్లాసులో ఉన్నవాళ్లంతా పాతికేళ్ల లోపు పిల్లలు. పాఠం చెప్పే సారుకీ అంతకన్నా ఎక్కువ వయసు లేదు. మొదటి నెలలోనే ఆయనకి ఈ దంపతుల సంగతి బోధపడింది. షార్ట్‌హ్యాండ్ రాసేది అక్షరాలని కాదు, శబ్దాన్ని. అందుకని సారు నోట్లోంచి వచ్చిన ప్రతి పలుకూ పిన్ని పుస్తకంలో ఉన్నదున్నట్టు పడిపోయేది. వ్యాకరణం కూడా ఆవిడకి ఇట్టే పట్టుబడింది. "నాకు నచ్చింది" అనే చోట మిగతా పిల్లలు నానా తంటాలూ పడుతుంటే, మనం అనే తీరులోనే కదా వాళ్లూ అంటున్నారు అని పిన్ని ఆశ్చర్యపోయింది. రాతపరీక్షల్లో ఎప్పుడూ ఆవిడే మొదటిది. కానీ లేచి నిలబడి ఒక్క వాక్యం చెప్పమంటే చెవులు ఎర్రబడేవి. "రాసి ఇస్తానండీ" అనేది.

బాబాయికి రాత రాదు, చదువు అంతంతమాత్రం, నోటికి మాత్రం అడ్డు లేదు. క్రియలకి రూపాలు మార్చాలన్న సంగతే ఆయన ఒప్పుకోలేదు. "నేను వెళ్లడం, నువ్వు రావడం, నిన్న ఆవిడ కూచోవడం" అంటూ అన్నిటినీ ఒకే మూసలో పోసి తోసేసేవాడు. బజార్ అన్నది బజార్ కాదు, బహార్ అని తెలిసిన రోజున మాత్రం కాస్త దిగులుపడ్డాడు.

రెండేళ్లు గడిచాక సారు ఇద్దరినీ కూచోబెట్టి ఉన్న మాట చెప్పాడు. ఆంటీ దగ్గర భాష చేతిలో ఉందట, అంకుల్ దగ్గర నోట్లో ఉందట. ఇద్దర్నీ కలిపితే ఒక మనిషి అవుతారట. ఆ భాష మాట్లాడే దేశంలో ఆరు వారాలు ఉండి చదువుకుని వస్తే తప్ప ఇక్కడ కూచుని ఇంతకన్నా ముందుకు వెళ్లరని తేల్చాడు. పిన్ని అభ్యంతరం చెబుతుందనుకున్నాను. ఆవిడ నా చేత దరఖాస్తులు నింపించి, నేను చేసిన మూడు తప్పులు దిద్దించింది.

అక్కడ వాళ్లకి గది ఇచ్చిన ఇంటావిడ ఒంటరి మనిషి. డెబ్బై దాటిన దర్జీ. నాలుగో అంతస్తులో ఇల్లు, హాల్లో కుట్టుమిషను, వీధి వైపు చిన్న బాల్కనీ, బాల్కనీ నుంచి ఎదురింటి గోడ దాకా కప్పీ మీద నడిచే బట్టల దండెం. ఆ కప్పీ కీచుమంటోందని మొదటిరోజు పొద్దున్నే బాబాయి వంటనూనె చుక్కలు వేసి దాని నోరు మూయించాడు. దాంతో ఆవిడకి ఆయనంటే గురి కుదిరింది. చిక్కల్లా పిన్నితోనే వచ్చింది. ఇంటావిడకి ఎడమ చెవి వినపడదు, కుడి చెవి సగమే. పిన్నిది మామూలుగానే పక్కవాళ్లకి వినపడని గొంతు. రోజుకి పదిసార్లు ఇంటావిడ "ఏమన్నావు?" అనేది. పిన్ని ఏమీ అనలేదన్నట్టు తల అడ్డంగా ఊపేది.

చివరికి పిన్ని ఒక ఉపాయం కనిపెట్టింది. ఏం కావాలన్నా ముందే చీటీ మీద చక్కటి స్పానిష్‌లో, మర్యాద మాటలతో సహా రాసుకుని వెళ్లి దుకాణంలో అందించేది. మందుల దుకాణం అతను చీటీ చదివి, ఆవిడ మొహం చూసి, జవాబు కూడా చీటీ మీదే రాసి ఇచ్చాడు. కూరగాయల దుకాణంలో అమ్మాయి చేతులతో సైగలు చేసి మాట్లాడింది. పళ్ల దుకాణం ముసలాయన జాలిపడి తనే సంచీ మోసుకుంటూ మెట్ల దాకా వచ్చాడు. పిన్నికి మాటలు రావని వీధంతా నిశ్చయమైపోయింది. తొమ్మిదో రోజున బాబాయి గది తాళంచెవి లోపల మరిచిపోయి తలుపు లాగేశాడు. అప్పుడు నడివీధిలో పిన్ని ఆయన్ని తెలుగులో ఆపకుండా రెండు నిమిషాలు దులిపింది. పళ్ల ముసలాయన దుకాణంలోంచి బయటికి వచ్చి నిలబడి, పక్క దుకాణాలవాళ్లని కూడా పిలిచాడట. అందరి మొహాలూ సంతోషంతో వెలిగిపోయాయి. పిన్ని సిగ్గుతో రెండు రోజులు ఆ దుకాణాల ముఖం చూడలేదు.

బాబాయి సాహసాలు వేరే రకం. మంగలి దగ్గర కూచుని జుట్టు అనబోయి, ఆ మాటలో ఒక్క అక్షరం తేడాగా, గుర్రాన్ని కొంచెం పొట్టిగా కత్తిరించమన్నాడు. మంగలి కత్తెర కింద పెట్టి, గుర్రాన్ని ఎక్కడ కట్టేశారని గంభీరంగా అడిగాడు. సాయంత్రం స్పానిష్ బడి నుంచి రాగానే ఇంటావిడతో "అలిసిపోయాను" అనబోయి "నాకు పెళ్లయింది" అనేవాడు. ఆ రెండు మాటలకీ నడుమ అక్కడ ఒక్క నకారమే తేడా. వారం రోజులు విన్నాక ఇంటావిడ ఆయన భుజం తట్టి, తెలుసు నాయనా, ఓర్చుకోవాలి అని ఓదార్చింది. పిన్ని తప్పు వివరించి చెబితే, బాబాయి ఆలోచించి, ఏది అన్నా అర్థం ఒకటే కదా అన్నాడు. ఆ పూట ఆయన కాఫీ ఆయనే కలుపుకోవాల్సి వచ్చింది.

ఒక ఆదివారం సముద్రం చూద్దామని బయల్దేరారు. బస్టాండులో నిలబడి ఉన్న బస్సు దగ్గర బాబాయి "ఈ బస్సు సముద్రానికి వెళ్తుందా" అనడానికి బదులు "మనం సముద్రానికి వెళ్దాం" అన్నాడు. లోపల ఉన్న పెద్దవాళ్లంతా వెళ్దాం వెళ్దాం అని నవ్వుతూ చోటిచ్చారు. అది ఊరి వృద్ధుల పాటల బృందం పోటీకి వెళ్తున్న బస్సు. సముద్రం ఒక దిక్కు, వాళ్లు వెళ్లేది కొండల్లోకి. సంగతి తెలిసేసరికి రెండు గంటల దూరం వచ్చేశారు. దిగి చేసేదేముందని బాబాయి వెనకవరసలో నిలబడి గొంతు కలిపాడు. పిన్ని పాటల కాగితాలు సరైన సమయానికి తిప్పింది. బృందానికి మూడో బహుమతి వచ్చింది. అందరితో పాటు తీయించుకున్న ఫొటోలో బాబాయే అందరికన్నా పెద్దగా నవ్వుతున్నాడు.

ఇలా ఎంత తిరిగినా పిన్ని పెదవి మాత్రం విడివడలేదు. బడిలో టీచరమ్మ ఇంకో కొత్త ఇబ్బంది కనిపెట్టింది. అక్కడా మనకిలాగే నువ్వు, మీరు అని రెండున్నాయి. దంపతులు ఒకరితో ఒకరు మాట్లాడే పాఠంలో పిన్ని బాబాయిని "మీరు" అంది. భార్యాభర్తలు అలా అనుకోరని, నువ్వు అనమని టీచరమ్మ చెప్పింది. పిన్ని ప్రయత్నించింది. నోట్లోంచి మళ్లీ మీరే వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా మీరు అన్న మనిషిని ఒక్కసారిగా ఎలా అంటుంది. బాబాయికి పిన్ని స్పానిష్‌లో రాసి పెట్టిన చీటీలో ఆ మీరు చూసి, ఇంటావిడ కూడా ఒకరోజు ఆయన్ని పక్కకి పిలిచి, మీ ఆవిడకి మీ మీద కోపం ఎందుకో కనుక్కోండి అని సలహా ఇచ్చింది.

బడి ఒక పాత భవనంలో ఆరో అంతస్తులో ఉంది. లిఫ్టుకి చెక్క తలుపులు, లోపల చిన్న అద్దం. బాబాయి మొదటిరోజు అందులో ఒకసారి ఎక్కి, ఆగేటప్పుడు దాని చప్పుడు విని, మళ్లీ ఎక్కలేదు. బ్రేకు అరిగిపోయిందని భవనం కాపలాదారుకి చెప్పాడు. కాపలాదారు మర్యాదగా తల ఊపాడు. బాబాయి రోజూ మెట్లే ఎక్కాడు. మోకాళ్ల నొప్పులున్న పిన్ని, "మీ అనుమానాలు మీ దగ్గరే ఉంచుకోండి" అని లిఫ్టులోనే తిరిగింది.

నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం క్లాసు అయిపోయాక పిన్ని లిఫ్టు ఎక్కింది. లోపల ఉత్తరాలు పంచే ఆవిడ ఉంది. ఐదో అంతస్తులో ఆసుపత్రి ఉన్న పళ్ల డాక్టరు కూడా ఎక్కాడు, ఆరడుగుల మనిషి. నాలుగుకీ మూడుకీ మధ్య లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. మీట ఎన్నిసార్లు నొక్కినా కదల్లేదు. కాసేపటికి డాక్టరుకి చెమటలు పట్టాయి. ఇరుకు గదులంటే ఆయనకి చిన్నప్పటి నుంచీ భయమట. తలుపు సందులో వేళ్లు పెట్టి గుంజడం మొదలుపెట్టాడు.

కింద కాపలాదారు లిఫ్టు కంపెనీకి ఫోన్ చేస్తే మనుషులు రావడానికి రెండు మూడు గంటలు పడుతుందన్నారు. అప్పటికే మెట్లు దిగి గుమ్మంలో నిలబడ్డ బాబాయి వెనక్కి తిరిగి, కాపలాదారుని చెయ్యి పట్టుకుని పైకి లాక్కెళ్లాడు. మూడో అంతస్తు దగ్గర ఆగి తలుపు మీద కొట్టాడు.

"ఏమోయ్, లోపల ఎంతమంది?"

"ముగ్గురం. ఒకాయన తలుపు పీకుతున్నాడు."

"పీకొద్దని చెప్పు. అది తెరుచుకుంటే కింద ఖాళీ ఉంటుంది, కాలు జారితే ఇంతే సంగతులు. నేను పైకెళ్లి కరెంటు తీసి, చేత్తో దింపుతాను. దీపం ఆరిపోతుంది, కుదుపులొస్తాయి, భయపడొద్దని చెప్పు."

"నేనా? మీరే చెప్పండి."

"నాకు అన్ని మాటలు రావు. నీకొచ్చు. ఆయన చేతులు తలుపు మీద పడకుండా చూసుకో, అంతే."

అడుగుల చప్పుడు పైకి వెళ్లిపోయింది. పిన్ని చేతిసంచీలో చీటీల పుస్తకం ఉంది, పెన్నూ ఉంది. తీసింది కూడా. అంతలో దీపం ఆరిపోయింది. చీకట్లో చీటీ ఎవరు చదువుతారు?

పిన్ని నోరు తెరిచింది. ఏం మాట్లాడిందో తర్వాత ఆవిడే నాకు రికార్డు చెప్పినట్టు చెప్పింది. "తలుపు వద్దు. తలుపు చెడ్డది. పైన నా భర్త. నా భర్త లిఫ్టుల డాక్టరు. దీపం పోవడం మంచిది. మనం దిగడం. మెల్లగా దిగడం." రెండేళ్లు నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న మనిషి, అన్ని క్రియలనీ బాబాయి మూసలోనే పోసేసింది. డాక్టరు చేతులు ఆగాయి. మీ ఆయనకి ఈ పని తెలుసా అని అడిగాడు. ముప్ఫై ఐదేళ్లు చేశాడని చెప్పింది. ఎన్ని లిఫ్టులు పడిపోయాయి అని అడిగాడు. ఒక్కటీ లేదు, నిచ్చెన మీంచి ఆయనే రెండుసార్లు పడ్డాడు అని చెప్పింది. ఉత్తరాలావిడ చీకట్లో కిసుక్కున నవ్వింది.

మాట ఆపితే డాక్టరు చెయ్యి మళ్లీ తలుపు మీదకి పోతుందని పిన్నికి భయం. అందుకని ఏది తోస్తే అది చెప్పుకుంటూ పోయింది. బజార్‌కి దిగే లిఫ్టు సంగతి చెప్పింది. మంగలి షాపులో గుర్రం సంగతి చెప్పింది. సముద్రానికని కొండెక్కిన బస్సు సంగతి చెప్పింది. మాట దొరకనప్పుడు ఉత్తరాలావిడ అందించింది. "పెళ్లయింది" కథ దగ్గర డాక్టరు గోడకి ఆనుకుని కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

పైన యంత్రం గదిలో గోడకి ఒక ఇనప చక్రం, ఒక బ్రేకు కర్ర వేలాడుతున్నాయి. ఇలాంటప్పుడు వాడటానికే అవి. కాపలాదారుకి ఎప్పుడో ఒకసారి నేర్పించారు గానీ ఆయన వాటిని ముట్టుకున్న పాపాన పోలేదు. బాబాయి మెయిన్ స్విచ్చి ఆపేసి, కర్ర ఆయన చేతికిచ్చి, చక్రం తను పట్టుకున్నాడు. అయ్యగారి దగ్గరున్న స్పానిష్ మొత్తం అప్పుడు రెండు మాటలు. కొంచెం. ఆపు. కొంచెం. కాపలాదారు బ్రేకు వదిలినప్పుడల్లా బాబాయి చక్రం జానెడు తిప్పేవాడు. మళ్లీ ఆపు. అంతస్తు దగ్గరకి వచ్చిందని తెలియడానికి తాళ్ల మీద తెల్లరంగు గీతలుంటాయి. ఆ గీత గుర్తుకి ఎదురుగా వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. బాబాయి కాపలాదారు దగ్గర తాళంచెవి తీసుకుని మూడో అంతస్తుకి దిగి వచ్చి తలుపు తెరిచాడు.

లోపల ముగ్గురూ నేలమీద కూచుని నవ్వుతున్నారు. పిన్ని లేచి, జుట్టు సవరించుకుని, బయటికి వచ్చింది. మెట్లమీద గుమిగూడిన బడి పిల్లలూ టీచరమ్మా చూస్తుండగా బాబాయితో స్పానిష్‌లో అంది.

"ఇంతసేపు ఏం చేస్తున్నావు నువ్వు?"

బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయని టీచరమ్మ అందరికీ చెప్పింది. గ్రీజు చేతులతో కళ్లు తుడుచుకున్నాను కాబట్టి మండాయి, అంతకన్నా ఏమీ లేదని బాబాయి ఇప్పటికీ వాదిస్తాడు.

సాయంత్రానికి కంపెనీ మెకానిక్కు వచ్చి యంత్రం విప్పి చూసి, అరిగిన బ్రేకు బాబాయి చేతిలో పెట్టాడు. ఇది ముందే పట్టింది మీరేనా మాఎస్త్రో అని అడిగాడు. ఆ మాట వినగానే బాబాయి పిన్ని వైపు తిరిగి, "చూశావా, ఇంత దూరం వచ్చినా మేస్త్రీ అనే పిలుస్తున్నారు" అన్నాడు. అవి రెండూ దగ్గరి చుట్టాలేనని టీచరమ్మ ఏదో పుస్తకంలో వెతికి చెప్పింది. స్పానిష్‌కి అక్కచెల్లెలి వరసైన పోర్చుగీసు నుంచి మేస్త్రీ, మేజా, అల్మారా, తువాలు, బొత్తాం లాంటి మాటలు ఎన్నడో ఓడల్లో వచ్చి మన ఇళ్లలో కలిసిపోయాయట. బాబాయి ఆ రాత ఎక్కని బుర్రతోనే ఆ ఐదింటినీ ఒక్క పూటలో కంఠస్థం చేశాడు. మెకానిక్కు తర్వాత రెండు రోజులు తన వెంట ఆయన్ని పనికి తిప్పుకున్నాడు. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో తెలియదు గానీ, పదకొండు లిఫ్టులు చూసి వచ్చారు.

పిన్ని మాట ఆ రోజు నుంచి ఆగలేదు. తప్పులు దొర్లుతూనే ఉన్నాయి. ఆవిడకి తెలుస్తూనే ఉన్నాయి. తెలిసీ ముందుకు పోవడం నేర్చుకుంది. ఇంటావిడ కుడి చెవి దగ్గర కూచుని, వీధికి వినపడే గొంతుతో మా ఇంటి పెళ్లిళ్లన్నీ చెప్పింది. ఎవరు ఎవర్ని ఏమన్నారో మా మేనత్తల సంగతులు ఇప్పుడు అక్కడ ఒక దర్జీకి మొత్తం తెలుసు. ఆఖరి పరీక్షలో బాబాయి రాతలో తప్పాడు. పిన్ని మాటల పరీక్షలో పది నిమిషాలు మాట్లాడాలంటే అరగంట మాట్లాడింది. సమయం అయిపోయిందని పరీక్ష పెట్టినావిడ రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చిందట.

తిరిగి వచ్చాక పాత సారు పిన్నిని చూసి, ఆవిడ మాటలు విని, కొత్తగా చేరినవాళ్లకి వారానికి రెండు పూటలు పాఠం చెప్పమని అడిగాడు. ఆవిడ పెట్టిన మొదటి నిబంధన, నెల రోజులు ఎవరూ పెన్ను ముట్టుకోకూడదు. మొన్న నేను వెళ్లి వెనకబెంచీలో కూచున్నాను. పక్కన బాబాయి ఉన్నాడు, మొదటి తరగతిలో ఇది ఆయనకి మూడోసారి. పిన్ని ఆయన్ని లేపి, నిన్న ఏం చేశావో చెప్పమంది. బాబాయి గొంతు సవరించుకుని, నిన్న తను మార్కెట్‌కి వెళ్లడం, అక్కడ వంకాయలు చూడడం, అవి బాగోకపోవడం, ఊరికే తిరిగి రావడం గురించి ఎక్కడా తడబడకుండా చెప్పాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పిన్ని ఒక్క తప్పూ దిద్దలేదు. ఇంటికి వెళ్లే దారిలో కొనాల్సిన కూరగాయలు ఏమిటో ఆ భాషలోనే చెప్పి, తర్వాతివాళ్లని లేవమంది.